విభూతి కింద కుట్లు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. పోయిన చలికాలమంతా మా అన్న తొడుక్కునే బిగుతు బనీనును నేనే ఉతికి, మిద్దె మీద దండేనికి నా లోపలి బట్టల కింద దాచి ఆరేశాను.

మా వీధిలో ఆడపిల్లల లోపలి బట్టలు ఎండను చూడకూడదు. ముందు వాటిని దండెం మీద వేసి, పైన తువ్వాలో పాత చీరముక్కో కప్పాలి. మా అమ్మ నాకు నేర్పిన తొలి పనుల్లో అదొకటి. ఆ తువ్వాలు కింద నా బట్టలు, నా బట్టల కింద అన్న బనీను. అది అంగట్లో దొరికే మామూలు బనీను కాదు. ఒంటి రంగులో ఉంటుంది. ముందువైపు కొక్కేల వరుస, చంకల కింద దళసరి పట్టీ. ఎవరు చూసినా ఆడవాళ్ళదే అనుకుంటారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఇచ్చారు, రాత్రీ పగలూ విప్పకూడదని చెప్పి.

"నీవాటిలో కలిపెయ్ పాపా, వాటిపక్క ఎవురూ చూడరు," అన్నాడు అన్న.

నిజమే, ఎవరూ చూడలేదు. గాలి కూడా చూడలేదు. అన్ని పొరల కింద అది ఆరేది కాదు. పచ్చి కుట్ల మీద ఆ చెమ్మ బనీనే తొడుక్కుని కొక్కేలు పెట్టుకునేవాడు. ఆ చెమ్మ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద కోపం అని అడిగేవాళ్ళు లేరు గానీ, అడిగితే వరసపెట్టి చెప్పగలను.

మాది జమ్మలమడుగు. నాన్న శివాలయంలో అర్చకుడు. గుడి వెనక వీధిలోనే ఇల్లు. అన్న డిగ్రీ అయిపోయాక నాన్న పక్కనే గుళ్ళో నిలబడ్డాడు. నేను ప్రొద్దుటూరులో బీఈడీ చదువుతూ రోజూ బస్సులో పోయి వస్తుంటాను. ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని వెనకగదిలోకి జారుకునే రకం. బస్సులో పక్కన కూర్చున్నావిడ టైమెంతైందని అడిగినా, ముందు గొంతు సవరించుకోవాలి నేను.

అన్నకు పదో తరగతిలో రొమ్ములు పెరిగాయి. ఈ వాక్యం ఇంత సూటిగా రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మా ఇంట్లో దానికి మాట లేదు. "అది" అనేవాళ్ళు. అమ్మ అయితే మాట కూడా అనకుండా తన కొంగు సర్దుకుని చూపించేది.

వేరే ఇండ్లలో అయితే వదులు చొక్కా వేసుకుని దాచుకునేవాడు. మా ఇంటి వృత్తే ఒంటి మీద చొక్కా లేకుండా చేసేది. గర్భగుడిలోకి కుట్టిన బట్టతో పోకూడదు. నడుముకు పంచె, భుజం మీద ఉత్తరీయం, అంతే. ఆ ఉత్తరీయాన్ని మా అన్న కప్పుకున్నన్ని రకాలుగా ఎవరూ కప్పుకుని ఉండరు. అడ్డంగా, నిలువుగా, మెడచుట్టూ తిప్పి, చంకలో దోపి. హారతి ఇవ్వడానికి చేయి ఎత్తగానే జారిపోయేది.

"ఏం చిన్నసామీ, ప్రసాదం శానా ఒంటబడతాండాదే," అనేవాడు తీర్థానికి చేయి చాపిన ఒక పెద్దాయన. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

ఆటోస్టాండులోని పిల్లకాయలు అంతకన్నా ముదుర్లు. "పైట సర్దుకో సామీ. అమ్మవారనుకుని చీర పెట్టేస్తాం."

మా వీధిలోనే ఒకావిడ అమ్మను ఓదార్చింది కూడా. "పెండ్లయితే అవే సర్దుకుంటాయిలేమ్మా." ఎట్లా సర్దుకుంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇవన్నీ వింటూ నాన్న శఠగోపంలా కదలని ముఖంతో నిలబడేవాడు. ఇంటికొచ్చాక అన్నకు నెయ్యి బంద్ చేయించేవాడు. సూర్యనమస్కారాలు చేయించాడు. ఏళ్ళ తరబడి అన్న తెల్లవారుజామున పెన్నేటి ఇసుకలో పరుగెత్తాడు. పొట్ట పోయింది, బుగ్గలు పోయాయి, ప్యాంట్లు వదులయ్యాయి. అది మాత్రం పోలేదు. పైగా మనిషి సన్నబడేసరికి ఇంకా ఎక్కువ కనపడింది. చివరికి ప్రొద్దుటూరులో ఒక డాక్టరు రెండు వేళ్ళతో నొక్కి చూసి, "ఇది కొవ్వు కాదు, గ్రంథి. గైనకోమాస్టియా అంటారు. మగపిల్లల్లో శానామందికి వస్తాది. శానామందికి దానంతటదే పోతాది, నీకు పోలేదు. పరుగెత్తితే పోయేది కాదు," అన్నాడు. నెయ్యి లేకుండా తిన్న ఆ అన్నమంతా, ఆ ఇసుకంతా ఎందుకు? ఒక్కరు ముందే నొక్కి చూసి ఉంటే సరిపోయేది.

ఆపరేషన్‌కు నాన్న ఒప్పుకున్నది ఒకే షరతు మీద.

"ఎవురికీ తెలియకూడదు. హెర్నియా అని చెప్దాం."

"హెర్నియా అయితే కిందుంటాది గదా నాన్నా. నేను పైన పట్టుకుని నడుస్తాంటే అనుమానమొస్తాది," అన్నాడు అన్న. అన్న అట్లాంటివాడు. ఎంత నొప్పిలోనైనా ఒక మాట విసురుతాడు. నాన్న నవ్వలేదు.

దీపావళికి వారం ముందు ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. అదే డాక్టరు. ఆరోజు కాలేజీ ఎగ్గొట్టి నేనూ పోయాను. సాయంత్రానికి ఇంటికి పంపిస్తామన్నారు, పంపించారు. పంపేముందు డాక్టరు గుమ్మంలో నిలబడే చెప్పాడు: బనీను విప్పొద్దు, ఆరువారాలు. చేతులు పైకెత్తొద్దు. బరువులెత్తొద్దు. కుట్లు తడపొద్దు. మాటలు అయిపోకముందే ఆయన చూపు మా వెనకున్న పేషెంటు మీదికి పోయింది.

నాన్న ఒకటే అడిగాడు, "తలస్నానం ఎప్పుడు చేయొచ్చు సార్?"

"కుట్లు తీసినంక చూద్దాం పెద్దాయనా."

నీ పనేంటి అని ఆయన అన్నను అడగలేదు. కేసు కాగితం మీద వృత్తి అని రాసున్న చోట గీత గీసి వదిలేశారు. మేమూ చెప్పలేదు. చెప్పి ఉంటే, రోజూ తడిబట్టతో, ఒంటి మీద కుట్టిన గుడ్డ లేకుండా, బిందెలెత్తి నీళ్ళు పోసే పని అని చెప్పి ఉంటే, ఆయన ఏమనేవాడో. ఆ గుమ్మంలో నేనూ నిలబడి ఉన్నాను. నాకు గొంతు సవరించుకునే వ్యవధి దొరకలేదు.

దీపావళి మరుసటి రోజు నుంచి కార్తీకం. శివాలయానికి కార్తీకమంటే ఏమిటో పూజారుల ఇండ్లలోవాళ్ళకే తెలుస్తుంది. చీకటితోనే జనం. సోమవారాలైతే అభిషేకం మీద అభిషేకం. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, ఒక్కడే చేయలేడు. మొదటిరోజు అన్న ఇంట్లోనే ఉన్నాడు. రెండోరోజు నాన్న వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఎవరినీ చూడకుండా అన్నాడు, "గంటసేపు వస్తే చాలు. మంత్రం చెప్తే చాలు, నీళ్ళు నేనే పోస్తా."

"బనీను?" అన్నాను నేను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"గంటసేపే గదమ్మా. కుట్టిన బట్టతో లోపలికి ఎట్లా పోతాడు?"

అన్న బావి దగ్గర మెడ కిందనుంచి నీళ్ళు పోసుకుని, బనీను విప్పి నా చేతికిచ్చి, ఉత్తరీయం కప్పుకుని పోయాడు. కొక్కేలు విప్పేటప్పుడు మొదటిసారి చూశాను. రెండువైపులా, చుట్టూ నల్లటి పల్చని వాతలా కమిలిన చర్మం, అర్ధచంద్రాకారంలో కుట్లు. ఒక చెల్లెలు చూడకూడని చోటేమీ కాదు అది, చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఛాతీనే. అయినా ముఖం తిప్పుకున్నాను.

ఆ గంట గంటలా లేదు. జనం ఎక్కువైతే నాన్న చేతికి బిందె అందేది కాదు. అన్నే అందుకునేవాడు. అందుకున్నాక పైకెత్తకుండా ఎట్లా పోస్తాడు? కుట్లు కనపడకుండా నాన్న ఒక ఉపాయం చేశాడు. గర్భగుడిలోకి పోయేముందు అన్న ఛాతీ మీద విభూతి దట్టంగా పట్టించాడు. మామూలుగా మూడు రేఖలే పెట్టుకుంటారు. ఇది అంగుళం సందు లేకుండా పూత. "విభూతి అన్నిటికీ మందేరా," అన్నాడు. తడి ఒంటి మీద, మానని కుట్ల మీద, పిడకల బూడిద. నాన్నకు నిజంగానే నమ్మకం. ఆయనకు జ్వరమొచ్చినా నుదుటికి అదే రాసుకుంటాడు. కాబట్టి మోసం చేశాడని అనలేను. మోసమైతే కోపం తీరిపోయేదేమో.

రెండో సోమవారానికి ఎడమవైపు వాచింది. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ కవరులా మెత్తగా, వేడిగా. అన్న నడిస్తే లోపల కదిలేది. ఎవరికీ చెప్పలేదు. బనీను ఉతికేటప్పుడు పసుపు మరక చూసి నేనే అడిగాను.

"విభూతీ గంధమూ కలిసుంటాదిలే పాపా."

"గంధం ఇట్లా వాసన రాదు."

"నువ్వు పుస్తకాలు శానా చదువుతాండావు," అన్నాడు. కానీ మరుసటి ఉదయం నా బస్సు ఎక్కాడు.

ఆసుపత్రిలో సూదితో నీరు లాగారు. గ్రంథి తీసిన ఖాళీలో ఇట్లా నీరు చేరడం మామూలేనట, బిగుతుగా కట్టి ఉంచితే తగ్గుతుందట. అన్నకు తగ్గలేదు, లోపల చీము పట్టింది, ఒక కుట్టు తెగింది. డాక్టరు ఆ బూడిదను దూదితో తుడుస్తూ, నర్సుతో అన్నాడు: "చూసినావా? చెప్పింది ఒకటి, వీళ్ళు చేసేది ఒకటి." అన్న పళ్ళు బిగించి పైకప్పు చూస్తున్నాడు. ఆ "వీళ్ళు" అన్న మాట నాకు సూది కంటే లోపలికి దిగింది. ఏమి చెప్పావయ్యా నువ్వు? నీ గుమ్మంలో నిలబడి, ఒక ఊపిరిలో. అనలేదు. మందుల చీటీ తీసుకుని బయటికొచ్చాను.

ఆ మధ్యాహ్నమే ఇంట్లో చెప్పాం. నాన్న "సరే, మానేదాకా రావద్దు," అన్నాడు. ఆ తర్వాతి సోమవారానికి మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఈసారి నోరు తెరవలేదు కూడా. అన్నే లేచి బనీను విప్పాడు.

గాయం మానింది, మానాల్సిన తీరులో కాదు. ఎడమవైపు చనుమొన కింద గుంట పడింది. సాసరులా. చర్మం కింది కండకు అతుక్కుపోయింది, చేయి పైకెత్తితే మొన లోపలికి లాక్కుపోతుంది. గాటు ఉన్నచోట ఎర్రగా తాడులా పొంగింది. కుడివైపు గుంట లేదు గానీ ఒక గట్టు మిగిలింది. అక్కడా ఇక్కడా గిల్లినా తెలియదన్నాడు. ఇంతకుముందు పక్కనుంచి చూసి నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగా నిలబడి జాలిపడతారు. ఏది మేలో నేను చెప్పలేను.

"మంచిదేలే," అన్నాడు అన్న అద్దం ముందు. "తీర్థం గిన్నె మర్చిపోయినా పనికొస్తాది. ఈడ పోసుకుని ఉద్ధరిణితో పంచొచ్చు."

నేను నవ్వాను. నవ్వి, వెనకగదిలోకి పోయి, చదువుతున్న పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. పుస్తకాన్ని ఎప్పుడూ కాలు కూడా తగలనివ్వని దాన్ని.

కథ ఇక్కడితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాను.

పులివెందులలో మా పెద్దనాన్న ఉంటాడు, నాన్నకు అన్న. అక్కడి గుళ్ళో ఆయన అర్చకుడు. మగపిల్లలు లేరు. ఆయన వంతు పూజ ఆయన తర్వాత మా అన్నకే రావాలి, అది చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. మాఘంలో ఆ గుడికి కుంభాభిషేకం పెట్టుకున్నారు. యాగశాలలో తన పక్కన అన్నను కూర్చోబెట్టి, ఊరి పెద్దలందరికీ "నా తర్వాత వీడే" అని చూపించాలని పెద్దనాన్న ఆశ. సంక్రాంతి తర్వాత ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు, అన్న స్నానం చేసి వస్తుంటే చూశాడు. ఆ రాత్రే నాన్నకు తాఖీదు: ముహూర్తం లోపల దాన్ని బాగుచేయించు.

ప్రొద్దుటూరు డాక్టరు ఫోన్‌లోనే ఒప్పేసుకున్నాడు. "చిన్న పని పెద్దాయనా. కొంచెం కొవ్వు తీసి నింపేస్తాం. వచ్చే వారం పిలుచుకురండి."

నాకు నమ్మకం కలగలేదు. కాలేజీ దగ్గర ఒక క్లినిక్‌కు వారానికోసారి బయటూరి నుంచి ప్లాస్టిక్ సర్జన్ ఒకామె వస్తుందని తెలుసు. బోర్డు రోజూ చూస్తున్నదే. అన్నను అక్కడికి తీసుకుపోయాను. ఇంట్లో పుస్తకాల అంగడికని చెప్పాం.

ఆమె కోస్తా మనిషి, మాటను బట్టి తెలిసిపోయింది. అన్న చొక్కా విప్పాడు. ఆమె గుంట చుట్టూ వేలితో తడిమి, చేయి ఎత్తమంది, దించమంది. తర్వాత అడిగింది, "ఏం పని చేస్తారండి మీరు?"

"గుళ్ళో పూజారిని మేడమ్."

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. "అయితే ఆపరేషనయ్యాక ఎన్నాళ్ళు గుడికి వెళ్ళలేదు?"

అన్న నా వైపు చూశాడు. నేను చెప్పాను. బనీను సంగతి, బిందెల సంగతి, విభూతి సంగతి. అంతసేపు తెలియనివాళ్ళతో నేను మాట్లాడటం అదే మొదలు.

ఆమె తిట్టలేదు. చొక్కా వేసుకోమని చెప్పి, కూర్చోబెట్టి వివరించింది. చనుమొన కింద ఉంచాల్సిన పలుచటి పొర కూడా తీసేశారట, అందుకు గుంట. నీరు, చీము చేరి చర్మం కండకు అంటుకుపోయింది, అందుకు లాక్కుపోవడం. రెండూ సరిచేయొచ్చు. అంటుకున్నదాన్ని విడదీసి, పొట్ట దగ్గరో తొడ దగ్గరో కొవ్వు తీసి నింపుతారు. నింపినదంతా నిలవదు, కొంత ఒళ్ళే పీల్చేసుకుంటుంది, మళ్ళీ ఒకసారి నింపాల్సి రావచ్చు. కుడివైపు మిగిలిన గట్టు తీసేయొచ్చు. పొంగిన గాటుకు ఇప్పుడే సూదిమందు మొదలుపెట్టొచ్చు, రోజూ నూనెతో మర్దన చేసుకోవచ్చు. స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు. "కానీ కత్తి మాత్రం ఇప్పుడు పెట్టకూడదు. లోపల ఇంకా ఎర్రగా, గట్టిగా ఉంది. మెత్తబడాలి. మొదటి ఆపరేషన్ నుంచి ఏడాది దగ్గరపడాలి. ఈలోపల తొందరపడి కోస్తే ఇంకా పెద్ద గుంట పడొచ్చు, చనుమొనకు రక్తం అందకపోవచ్చు కూడా." కొంచెం ఆగి, "అసలేమీ చేయించుకోకుండా ఉండిపోవచ్చు. అది కూడా ఒక దారే. మీకు అడ్డం లేకపోతే."

"నాకు అడ్డం లేదు మేడమ్. చూసేవాళ్ళకే," అన్నాడు అన్న.

"ఒకటి మాత్రం ముందే చెప్పండి. ఈసారి చేస్తే ఆరువారాలు గుడికి పోకుండా ఉండగలరా? లేదంటే నేను చేయను."

బయట టీ తాగుతూ అన్నాడు, "మందు, కత్తి, కొవ్వు, అన్నీ దొరుకుతాయి పాపా. ఆరువారాలు యాడ దొరుకుతాయి?"

ఆ ఆదివారం పెద్దనాన్న పిలిస్తే నాన్న, అన్న, నేను ముద్దనూరు మీదుగా పులివెందుల పోయాం. అమ్మ రాలేదు. పెద్దమ్మకు కుంభాభిషేకం పనుల్లో సాయమని నన్ను పంపింది. మగవాళ్ళు నడవలో చాప మీద కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని దర్భలు కట్టలు కడుతున్నాను.

"డాక్టరు వారంలో పూడుస్తానంటాండాడు గదా. ఇంకేంది మీ ఆలోచన?" అన్నాడు పెద్దనాన్న.

"ఇంకో డాక్టరమ్మ ఏడాది ఆగమనిందంటన్నా," అన్నాడు నాన్న. ఆ మాట ఆయనకు మేం బస్సులోనే చెప్పాం.

"ఏడాదికి ముహూర్తం ఆగుతాదా? ఊరంతా వచ్చి కూర్చుంటారు. వీడు చెయ్యెత్తి ఆహుతి వేస్తే ఆ గుంట లోపలికి పోతాది. నేను చూసినా. నాకే ఒకమాదిరైంది."

"వీపు జనానికి తిప్పి కూర్చుంటాలే పెదనాన్నా. వీపు బాగానే ఉండాది," అన్నాడు అన్న.

వంటింట్లో పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"ఎగతాళా? అంగవైకల్యం ఉన్నోడు యాగంలో కూర్చోగూడదని ఎవురన్నా లేచి అడిగితే నేనేం చెప్పల్ల? నీకోసమేనా నేను చెప్పేది? వంతు పోతాదిరా. తాతల నాటి వంతు."

అన్న చాప అంచు పుల్ల పీకుతూ కూర్చున్నాడు. అప్పుడు అన్నాడు, "సరే. వచ్చే వారమే చేయించుకుంటా."

దర్భ నా వేలు కోసింది. అది పదునుగా ఉంటుంది, చూసుకోకపోతే కోస్తుంది. ఆ వేలు నోట్లో పెట్టుకోబోయి, ఆగి, లేచి నిలబడ్డాను.

"చేయించుకున్నాక గుడికి పోకుండా ఎన్నాళ్ళు ఉండనిస్తారు?"

"ఏమంటాండాది?" అన్నాడు పెద్దనాన్న. నన్ను కాదు, నాన్నను.

"ఆరువారాలు ఇంట్లో ఉండనిస్తారా అని అడుగుతాండా."

"దేవుని పని ఆగుతాదామ్మా?" అన్నాడు నాన్న మెల్లగా.

"మైలొస్తే ఆగల్యా? నాయనమ్మ పోయినప్పుడు పది దినాలు మన ఇంట్లో ఎవురూ గుడి మెట్టెక్కలా. వీరపునాయునిపల్లె నుంచి అయ్యవారిని పిలిపించినారు. దేవుడేమన్నా ఉపాసం ఉన్నాడా?"

"అది మైల. ఇది రోగం. రెండూ ఒకటేనా?" అన్నాడు పెద్దనాన్న. ఇంకా నాన్ననే చూస్తున్నాడు.

చేతిలో మిగిలిన దర్భలు కింద పెట్టాను. "కార్తీకంలో అన్న గాయం కారుతాండె పెదనాన్నా. రక్తం, చీము. ఆ ఒంటితోనే లింగాన్ని తాకించినారు. పైన విభూతి పూసి. నేను నెలకు మూడు దినాలు వెనకగదిలో చాప మీద ఉంటా. నేను తాకిన చెంబు కూడా చింతపండేసి తోముతారు. నా రక్తం మైలైతే, అన్నది ఏంది? ఒంట్లోంచి రక్తం కారేవాడు గర్భగుడిలోకి పోగూడదని మీ శాస్త్రంలోనే ఉండాది గదా. ఆ ఒక్క శాస్త్రం పట్టించుకోని ఉంటే ఈ గుంట పడేదా?"

పెద్దమ్మ గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వెనక్కి పోలేదు.

నాన్న తల వంచుకున్నాడు. అన్న చాప మీదనుంచి లేచి, చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టుకున్నాడు.

"నేనిప్పుడు చేయించుకోను," అన్నాడు. "యాగశాలకూ రాను పెదనాన్నా. వంతు పోతే పోనీ."

తిరుగు బస్సు ముద్దనూరులో ఆగినప్పుడు నాన్న కిటికీ వైపు తిరిగి, "విభూతి పెట్టింది నేనే," అన్నాడు. ఆయన నా నుంచి ఏదో ఒక మాట కోసం చూశాడని తెలుసు. నీ తప్పు కాదులే నాన్నా అనాలి కాబోలు. అనలేదు. అందులో ఆయన తప్పు ఉంది కాబట్టి.

కుంభాభిషేకం అన్న లేకుండానే జరిగింది. పెద్దనాన్న పక్కన లింగాల నుంచి వచ్చిన దూరపు బంధువు కుర్రాడెవరో కూర్చున్నాడట. ఇప్పుడు ఆషాఢం. అన్న నెలకోసారి నా బస్సులోనే ప్రొద్దుటూరు వచ్చి గాటుకు సూదిమందు వేయించుకుంటాడు. తాడు మెత్తబడింది, ఎరుపు తగ్గింది. గుంట అట్లాగే ఉంది. నింపించుకుంటాడో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఒకరోజు నింపిద్దాం అంటాడు, ఒకరోజు ఉండనీలే అంటాడు. ఏదైనా ఈసారి తొందరపెట్టేవాళ్ళు లేరు. మొన్న నాన్న వీరపునాయునిపల్లె అయ్యవారికి ఫోన్ చేసి, దసరా తర్వాత ఆరువారాలు వచ్చి ఉండగలవా అని అడగడం విన్నాను. ఎందుకని ఆయన అడిగితే, "మావాడికి ఆపరేషన్ ఉంటే ఉండొచ్చప్పా," అన్నాడు. హెర్నియా అనలేదు. ఒక్క ఫోన్. పోయిన కార్తీకంలో కూడా ఆ ఫోన్ ఇంట్లోనే ఉంది, ఆ అయ్యవారూ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. అది తలచుకుంటే, తగ్గిందనుకున్న మంట మళ్ళీ మొదలవుతుంది.

బనీను ఇంకా నా బట్టల మధ్యనే ఉంది. మళ్ళీ కావాల్సి వస్తే దాన్ని ఏ పొర కిందా ఆరేయను. మిద్దె మీద ఎండ పడే చోట, వీధిలోకి కనపడేట్టు వేస్తాను. అడిగితే మా అన్నది అని చెప్తాను. గొంతు సవరించుకుని మరీ చెప్తాను.

పెద్దనాన్న ఆ ఆదివారం తర్వాత నాతో మాట్లాడలేదు. ఫోన్ నేనెత్తితే పెట్టేస్తాడు. ఆరోజు మేం బయల్దేరుతూ వాకిట్లో చెప్పులేసుకుంటుంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు. అంతసేపూ నాన్ననే చూసి మాట్లాడిన మనిషి, అప్పుడు మాత్రం సూటిగా నన్నే చూసి అడిగాడు.

"అయితే గుళ్ళో వాడి వంతుకు నువ్వు నిలబడతావామ్మా?"